పొద్దుగూకక ముందే

రాత్రి పాళీ దిగిన నేత కారీగర్లు ఇళ్లకు చేరే వేళ భేస్తాన్‌లోని ఆ తెలుగు వలసవాళ్ల గల్లీ కాసేపు సద్దుమణుగుతుంది. రాత్రంతా ఆడిన సాంచాలు, ఆ మరమగ్గాలు, ఆగి, పగటి పాళీవాళ్లు వచ్చి మళ్లీ నడిపేదాకా ఉండే నిశ్శబ్దం అది. ఆ కాస్త సమయంలోనే సంధ్యారాణి చాయ్ మరగబెట్టి, కూతురు సింధూజకు జడలు వేసి, బడికి డబ్బా కట్టేస్తుంది. ఆ ఉదయం కూడా అంతే చేసింది. భర్త రాగానే చాయ్ ఇచ్చి పనిలో కూర్చోవచ్చని, చీరల అంచులకు అంటించే రాళ్లను పళ్లెంలో పోసి గుమ్మం పక్కన పెట్టుకుంది.

రాజు వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడుతూ ఆ పళ్లేన్ని తన్నేశాడు. రాళ్లు గది నిండా చెదిరిపోయాయి. పట్టపగటి వెలుతురులో, కాళ్ల దగ్గరే తళతళలాడుతున్న పళ్లెం అది.

సంధ్య ఏదో అనబోయేలోపే అత్త ఐలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. కొడుకును ఒక్క మాట అనలేదు. "దారిల వెట్టుడేంది బిడ్డా," అని కోడలినే కసిరి, నేల మీద కూలబడి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. రాజు గోడకు ఆనుకుని నిలబడి, తను కాదు అన్నట్టుగా ఎటో చూస్తూ ఉండిపోయాడు.

ఐలమ్మ సంధ్యకు అత్త మాత్రమే కాదు, సొంత మేనత్త. సిరిసిల్ల నుంచి ఆమెను కోడలిగా తెచ్చుకున్న నాటి నుంచి గట్టిగా ఒక మాట అనలేదు. ఈ ఏడాదిగానే ఆమెలో ఏదో మారింది. పొద్దు వాలుతుంటే చాలు, ఇల్లంతా తిరిగి బకెట్లు, పీటలు, పిల్ల పుస్తకాల సంచి గోడ వారకు జరిపేస్తుంది. మంచాన్ని ఎవరైనా కాస్త పక్కకు లాగితే తిరిగి పాత చోటుకే చేరుస్తుంది. ఎందుకని అడిగితే ఇల్లు ఇల్లులా ఉండాలని అంటుంది. అంతకు మించి నోరు విప్పదు.

రాజు మారిన తీరు అంతకంటే భయంగా ఉంది. ఇంతకు ముందు పాళీకి పరుగెత్తుతూ వెళ్లేవాడు. ఇప్పుడు రాత్రి పాళీ వారాల్లో ఇంకా ఎండ పోకుండానే బయలుదేరి వెళ్లిపోతున్నాడు. అంత ముందుగా పోయి ఏం చేస్తావంటే, ఊరికే కూర్చుంటానన్నాడు. పగటి పాళీ వారాల్లో చీకటి పడ్డాక వస్తాడు, అదీ ఎవరో ఒకరి భుజం పట్టుకుని. పక్కింటి కనకవ్వ అది చూసింది. చూసి ఊరుకోలేదు. నీ పెనిమిటి గోడలు పట్టుకుని నడుస్తున్నాడు, చాటుగా అమ్మే సారా పొట్లాలకు మరిగినట్టున్నాడు, ముందే జాగ్రత్తపడు అని కుళాయి దగ్గర గుసగుసగా చెప్పింది.

ఆ రోజు రాజు నిద్రపోయాక సంధ్య అతని చొక్కా తీసి వాసన చూసింది. యంత్రాల నూనె వాసన, నూలు దుమ్ము వాసన. అంతే. మర్నాడు కూడా చూసింది. ఏమీ లేదు. తాగుడైతే నలుగురూ ఎరిగిన చెడు. ఈ చెడుకు పేరేమిటో ఆమెకు తెలియలేదు.

రాత్రి పాళీ ఉన్న వారాల్లో, పనికి బయలుదేరే ముందు, ట్యూషన్ నుంచి సింధూజను స్కూటర్ మీద తీసుకొచ్చేది రాజే. చలికాలం పొద్దులు చిన్నవి. పరీక్షలు దగ్గర పడ్డాయని ఆ సాయంత్రం టీచరమ్మ పిల్లల్ని ఆలస్యంగా వదిలింది. దీపాలు పెట్టే వేళ దాటుతున్నా తండ్రీ కూతుళ్లు రాలేదు. ఐలమ్మ గుమ్మంలో నిలబడి గల్లీ చివరికే చూస్తోంది. ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆ ముఖం చూసి సంధ్య కూడా గుమ్మంలోకి వచ్చింది.

చివరికి వచ్చారు. రాజు స్కూటర్‌ను నెట్టుకుంటూ వస్తున్నాడు. సింధూజ ముందు నడుస్తూ దాని హ్యాండిల్ పట్టుకుని లాగుతోంది. పిల్ల మోకాలు చెక్కుకుపోయి ఉంది. ఒక పక్క గౌను నిండా బురద.

"నాన్నకు లారీ కనవడలే మమ్మీ," అంది సింధూజ మెల్లగా. "నేను చిల్లాయించిన. అప్పుడు పక్కకు తిప్పిండు, మోరీల పడ్డం."

సంధ్య పిల్లను లోపలికి లాక్కుంది. గదిలో ఇంకా దీపం వెయ్యలేదు. రాజు ఎదురు లైట్లు కళ్లలో కొట్టాయని ఏదో గొణిగాడు. ఐలమ్మ అందుకుని, అయ్యిందేదో అయింది, ఇప్పుడు అడగొద్దు అంది. ఏడాదిగా అడగకుండా దాచుకున్నది సంధ్య అడిగేసింది. గొంతు మాత్రం పెంచలేదు.

"బావా, తాగినవా?"

"లేదు."

"తాగకుంటే బిడ్డ మీద ఒట్టెయ్యి."

సింధూజ ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. రాజు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మెల్లగా దిగి పిల్ల తలకు జానెడు అవతల, ఏమీ లేని చోట ఆగింది. వేళ్లు అక్కడి గాలిని తడిమాయి. మరికాస్త కిందికి దిగి మళ్లీ తడిమాయి. అప్పుడు సింధూజే ఒక అడుగు జరిగి, తండ్రి అరచేతి కింద తన తల పెట్టింది.

"తాగలే సంధ్యా," అన్నాడు రాజు.

ఐలమ్మ వెళ్లి లైటు వేసింది. వెలుగులో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ సాయంత్రం రాజు పాళీకి పోకుండా అంతా చెప్పాడు. రెండేళ్లుగా పొద్దుగూకితే లోకం మూసుకుపోతోంది. దీపం కింద పని చేసుకోగలడు గానీ దీపం దాటితే అడుగు తెలియదు. ఈ మధ్య పగలు కూడా ఎదురుగా ఉన్నదే కనిపిస్తోంది, పక్కన ఉన్నది కనిపించడం లేదు. సేఠ్‌కు తెలిస్తే ఆ రోజే కార్ఖానా నుంచి పంపించేస్తాడు. తెగిన పోగు కనపడని కారీగర్ ఏ కార్ఖానాకు కావాలి? అందుకే ఎండ ఉండగానే వెళ్లి కార్ఖానా అరుగు మీద కూర్చుంటున్నాడు. మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే తల దించుకున్నాడు. తల్లి వైపు తల తిప్పి, అవ్వకు ఎరుకే అన్నాడు. తను చెప్పలేదట. ఆమె అతని నడక చూసి కనిపెట్టిందట.

నడక చూసి ఎలా కనిపెట్టింది? ఆ ప్రశ్న సంధ్యను వదల్లేదు.

పద్మశాలి సంఘం హాలులో ఆదివారాలు ఒక సంస్థ వాళ్లు బల్ల వేసుకుని కూర్చుంటారు. పింఛన్లు, ఆసుపత్రి సాయాలు, వికలాంగుల సర్టిఫికెట్లు, ఏవి ఎవరికి వస్తాయో, ఎలా అడగాలో ఊరికే చెబుతారు, పైసా తీసుకోరు. వెనక గల్లీ బుచ్చవ్వకు వితంతు పింఛను వాళ్ల వల్లే వచ్చింది. అక్కడికి పోదామని సంధ్య అంటే ఐలమ్మ ఒప్పుకోలేదు. ఆ గడప తొక్కితే నేను ఈ ఇంట్లో ఉండనంది. అత్త నోట అంత మాట ఎప్పుడూ విననిది. సంధ్య ఎదురు చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం చీరలు ఇచ్చి వస్తానని అబద్ధమాడి వెళ్లింది.

బల్ల వెనక హిమశ్రీ అనే ఆవిడ ఉంది. విజయవాడ వైపు మనిషి, లా చదివింది. సంధ్య చెప్పినదంతా మధ్యలో ఆపకుండా విని, ముందు సర్కారు ఆసుపత్రిలో కళ్లు చూపించమంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తు తామే చేయించి పెడతామని, ఏ దళారీకీ ఏమీ ఇవ్వొద్దని చెప్పింది. చేతికొచ్చిన సర్టిఫికెట్‌ను ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో రాజు ఇష్టం. పగటి పాళీ మాత్రమే ఇమ్మని సేఠ్‌ను అడగడానికి తాము తోడు వస్తామంది. బస్సు పాస్, రైలు రాయితీ, ఇంకో పనికి శిక్షణ, అప్పు సాయం లాంటివి ఉన్నాయి. పింఛను మాత్రం డాక్టర్ల బోర్డు చూసి చెప్పేదాకా ఆశ పెట్టుకోవద్దంది. సేఠ్ పని తీసేయకుండా ఆపగలమని మాత్రం హామీ ఇవ్వలేను అని కూడా దాచకుండా చెప్పింది.

తర్వాత ఇంకొకటి అడిగింది.

"మీది మేనరికమా అమ్మా?"

సంధ్య తలూపింది.

"మీ రెండు వైపులా ఇలా చూపు పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇది కొన్ని కుటుంబాల్లో వెంట వస్తుంది. నేను డాక్టర్ని కాదు. కానీ మీ పాప కళ్లు కూడా చూపించండి."

ఎవరూ లేరు మేడం అని సంధ్య చెప్పింది. చెప్పి బయటకు వచ్చి షేర్ ఆటో ఎక్కింది. ఆటో కదిలాక, తను చిన్నప్పుడు సిరిసిల్ల ఇంటి అరుగు మీద కూర్చుని ఉండే మనిషి గుర్తుకొచ్చాడు. తండ్రికి అన్న, అంబదాస్ పెద్దబాపు. చూపు లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి కళ్లు పాడయ్యాయని ఇంట్లో అందరూ చెప్పేవారు. ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పేవాడు. ఆమె ఆ ముఖాన్ని చేత్తో తడుముతూ ఆడుకునేది. నున్నటి ముఖం. అమ్మవారు పోసిన ముఖం మీద ఒక్క మచ్చ కూడా లేదు.

సంధ్య ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. సింధూజ కనకవ్వ ఇంట్లో ఆడుకుంటోంది. రాజు లోపలి గదిలో నిద్రపోతున్నాడనుకుంది. ఐలమ్మ బియ్యం ఏరుతోంది. సంధ్య ఎదురుగా కూర్చుంది.

"అత్తా, పెద్దబాపు మొఖం మీద మచ్చలు లేకుండె."

ఐలమ్మ చేట కింద పెట్టింది. సంధ్య కదల్లేదు.

"మా అన్నకు అమ్మవారు పొయ్యలే బిడ్డా," అంది చివరికి. "పొద్దుగూకితే కనవడకపోతుండె. పోను పోను మొత్తమే పోయినయ్. మా మేనమామకు గూడ గంతే. ఇంట్ల ముగ్గురం ఆడపిల్లలం ఉంటిమి. అమ్మవారని జెప్తేనే మాకు సంబంధాలొచ్చినయ్."

"మరి ఎరికుండి నన్నెట్ల జేసుకున్నవ్ నీ కొడుక్కు?"

"బయటి పిల్లను తెస్తే ఆళ్లకు అబద్ధం జెప్పాలె. నువ్వు మా తమ్ముని బిడ్డవు. నీకు జెప్పకున్నా అబద్ధం గాదనుకున్న. ఇంట్లది ఇంట్లనే ఉంటదనుకున్న."

సంధ్యకు ఆ మాట తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక, పక్కింట్లోంచి సింధూజ నవ్వు వినిపించింది. ఆ నవ్వు వింటూ అత్తను చూడలేక గోడ వైపు తిరిగింది. నా బిడ్డ గురించి ఒక్కసారైనా తలచుకోలేదా అని అడిగింది. రోజూ తలుచుకుంటున్నానని, దాని నడక చూడని రోజు లేదని ఐలమ్మ చెప్పింది.

మరి సాయం అడగడానికి ఎందుకు అడ్డం పడ్డావని అడిగితే అప్పుడు ఆమె అన్న సంగతి చెప్పింది. అంబదాస్‌కు పగటి చూపు ఇంకా ఉన్న రోజుల్లో ఎవరో చెబితే ఒక ఆఫీసుకు తీసుకెళ్లారట. అక్కడ జనం మధ్య నిలబెట్టి, గుడ్డివాడు అని గట్టిగా పిలిచి పేరు రాసుకున్నారట. సాయం రాలేదు. ఊరంతా తెలిసింది. వారం తిరక్కుండా అతని సాంచా ఇంకొకరికి ఇచ్చేశారు. నేసే చేతులు అరుగు మీద ఖాళీగా పడి ఉన్నాయి. కొన్నేళ్లకు, మిగిలిన చూపూ పోయాక, ఒక సాయంత్రం లేచి బయటకు నడిచాడు. మర్నాడు బావిలో తేలాడు.

"జారి పడ్డడన్నరు," అంది ఐలమ్మ. "బాయి తొవ్వ ఆయనకు కండ్లు మూసుకున్నా ఎరుకనే బిడ్డా."

కిటికీలో వెలుగు బూడిద రంగుకు తిరిగింది. దీపం వెయ్యాలని సంధ్య లేచి లోపలి గదిలోకి చూసింది. మంచం ఖాళీగా ఉంది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. రాజు ఎప్పుడు లేచాడో, ఎంతవరకు విన్నాడో తెలియదు. ఫోన్ దిండు పక్కనే ఉంది.

సంధ్య వెనక్కి తిరిగేసరికి ఐలమ్మ లేచి నిలబడి ఉంది. ఆమెకు ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

వెనక సందు రెండు వైపులకు చీలుతుంది. ఒకటి బజారుకు, ఒకటి రైలు పట్టాల వైపుకు. సంధ్య బజారు వైపు పరుగెత్తింది. కార్ఖానా దాకా వెళ్లింది. అరుగు మీద ఎవరూ లేరు. తిరిగి వచ్చేసరికి చీకటి దిగిపోయింది. గల్లీ మధ్యలో ఐలమ్మ నిలబడి ఉంది. తలుపులు తెరుచుకుని జనం బయటికి వస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ గల్లీలో తగ్గు స్వరంలో తప్ప మాట్లాడని మనిషి, గుండె పగిలేలా అరుస్తోంది.

"మా రాజుకు పొద్దుగూకితే కండ్లు కనవడయ్. గుడ్డితనం మా ఇంటిది, మా అన్నకుండె, నా కొడుక్కొచ్చింది. వాడు తాగలే. జర దేవులాడుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

కనకవ్వ ముందుగా కదిలింది. ఫోన్ లైటు వేసుకుని పట్టాల వైపు నడుస్తూ, దారి పొడవునా తలుపులు కొట్టి మనుషులను లేపుకుంటూ పోయింది. పది అడుగులకొక లైటు వెలిగింది. సంధ్య అందరికంటే ముందు పరుగెత్తింది. స్టేషన్ గోడ అయిపోయాక కంచె తెగిపోయి ఉన్న చోటు ఒకటుంది. అడ్డదారిన వెళ్లేవాళ్లు అక్కడే పట్టాలు దాటుతారు. ఆమె ఆ చోటు చేరే లోపే వల్సాడ్ వైపు వెళ్లే బండి కూత వేస్తూ వచ్చింది. దాని వెలుగులో ఒక్క క్షణం అంతా తెల్లగా కనిపించింది. అవతలి వైపు కంకర గుట్ట మీద, పట్టాలకు బారెడు దూరంలో, రాజు కంచె తీగను రెండు చేతులా పట్టుకుని, బండికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. తర్వాత బండి ఆమెకూ అతనికీ మధ్య నుంచి సాగిపోయింది. పెట్టె తర్వాత పెట్టె. ఎంతకీ అయిపోలేదు.

అయిపోయాక అతను అక్కడే ఉన్నాడు. చేతులు తీగ మీదే ఉన్నాయి. వేళ్లు తెగి నెత్తురు కారుతోంది. సంధ్య పట్టాలు దాటి వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేసింది. రాజు తీగను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నేనే బావా."

"ఎటు అడుగేస్తే పట్టాలో, ఎటు తొవ్వనో ఎరుకైతలే," అన్నాడు. "గందుకే ఆగిన."

ఎందుకొచ్చావని ఆమె అడగలేకపోయింది. అడగకుండానే అతను చెప్పాడు. ఇంట్లో మాటలన్నీ విన్నాడట. సింధూజకు కూడా ఇట్లా అవుతుందా, ఇప్పుడే చూపిస్తే ఏమైనా ఆపగలరా అని ఆ హాలులో వాళ్లను అడుగుదామని బయలుదేరాడట. చుట్టూ తిరిగి పోతే బల్ల ఎత్తేస్తారని అడ్డదారి పట్టాడు. పట్టాలు దాటగానే పొద్దు పోయింది.

సంధ్య అతని నుదురు తన భుజానికి ఆనించుకుని అప్పుడు ఏడ్చింది. చచ్చిపోవడానికి వచ్చాడనుకుంది. బిడ్డ కోసం దారి అడగడానికి వచ్చాడు. ఒంటరిగా, చూపు లేకుండా, ఇంట్లో ఎవరినీ తోడు పిలవకుండా. పిలవకుండా ఉండడమే ఆ ఇంట్లో అందరూ నేర్చుకున్నారు. ఆ మధ్యాహ్నం అబద్ధం చెప్పి వెళ్లిన తను కూడా.

లైట్లు పట్టుకుని జనం వచ్చారు. వాళ్ల వెనక ఐలమ్మ, కనకవ్వ చెయ్యి పట్టుకుని. కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూసుకుంది. తర్వాత అందరి ముందూ కోడలి కాళ్ల మీదికి వంగబోయింది. సంధ్య పట్టుకుని ఆపేసింది. ఆమె కోపం ఇంకా పోలేదు. అది అంత త్వరగా పోయేది కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇంటికి వెళ్లేటప్పుడు ఒక పక్క రాజు చెయ్యి, మరో పక్క అత్త చెయ్యి పట్టుకునే నడిచింది.

మరుసటి ఆదివారం నలుగురూ హాలుకు వెళ్లారు. ఎవరెవరికి చూపు పోయిందని హిమశ్రీ అడిగితే ఈసారి ఐలమ్మే చెప్పింది. మేనమామ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పింది. తర్వాత ఆసుపత్రి తిరుగుళ్లు. డాక్టరు రాజు కళ్లలో మందు వేసి చూసి, ఈ జబ్బును వెనక్కి తిప్పే వైద్యం ప్రస్తుతానికి తన చేతిలో లేదని, ఇంకెంత కాలం చూపు ఉంటుందో చెప్పలేనని అన్నాడు. సింధూజ కళ్లలో ఇప్పటికి ఏమీ కనిపించలేదన్నాడు. ఏమీ రాదని మాత్రం అనలేదు. ఏటేటా తెచ్చి చూపించమన్నాడు. హిమశ్రీ, సంఘం పెద్ద కలిసి వెళ్లి మాట్లాడితే సేఠ్ సణుగుతూనే రాజుకు పగటి పాళీ ఇచ్చాడు, సాంచాలు తగ్గించి. అది ఎన్నాళ్లో తెలియదు.

సర్టిఫికెట్ కోసం బోర్డు ముందు హాజరు కావాల్సిన రోజు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. హిమశ్రీ కూడా వచ్చింది. లోపల పేర్లు పిలిచే మనిషి నెమ్మదిగా, గౌరవంగా పిలుస్తున్నాడు. పేరు పక్కన మరే మాటా చేర్చడం లేదు. ఐలమ్మ ప్రతి పిలుపునూ శ్రద్ధగా వింటోంది. కొంతసేపటికి హిమశ్రీ వైపు తిరిగింది.

"మేడం, ఆ దినాలల్ల మా తానకు మీ అసుంటోళ్లు ఒక్కలు వచ్చి ఉంటే, మా అన్న బతుకుతుండెనా?"

చెప్పలేనమ్మా, కానీ ఒకరు రావాల్సింది, అంది హిమశ్రీ.

ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న పోయిన రోజు ఆమె గట్టిగా ఏడవలేదు. జారి పడ్డవాడి కోసం ఇంతగా ఏడుస్తుందేమని ఎవరైనా అడుగుతారని, దాచిందంతా బయటపడుతుందని భయపడింది. ఆనాటి ఏడుపు ఇన్నేళ్లకు ఆ బెంచీ మీద తన్నుకొచ్చింది. కొంగును ఇంకా గట్టిగా అదుముకుంది. చుట్టూ కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు.

సంధ్య దగ్గరికి జరిగి, ఆమె నోటి మీది నుంచి ఆ కొంగు తీసేసింది.

"ఏడువు అత్తా," అంది. "ఎవరన్నా అడిగితే నేను జెప్త."